తొట్టెలో పేషెంటు

వెయిటింగు గదిలో రోగులు వరస కట్టి కూర్చుంటే, డాక్టరుగారు అరగంటగా గాజు తొట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని చేపను పరీక్షిస్తున్నారు. చేపకు టోకెను లేదు.

"మేత బాగానే తింటోంది. పొట్ట మాత్రం వీపుకు అంటుకుపోతోంది. మలం చూడు, తెల్లటి దారంలా వేలాడుతోంది" అన్నారు, తన వంతు కోసం పక్కనే నిల్చున్న లారీ డ్రైవరుతో. "కడుపులో పురుగులు. విడిగా వేరే తొట్టెలో ఉంచి, మేతలో మందు కలిపి పెట్టాలి."

"అదే చెప్పిందా సార్?"

"నోరులేని జీవం, అదేం చెబుతుందయ్యా? మనమే కనిపెట్టాలి."

"నాకు నోరుంది కదండీ. ఎంత తిన్నా చిక్కిపోతున్నానని పోయినసారీ చెప్పాను, అంతకుముందూ చెప్పాను."

"నీది టెన్షన్. ఆ బలం మాత్రలే వాడు."

"మాత్రలొద్దు సార్. నా టోకెను చేపకిచ్చేసి, నన్నా తొట్టెలో వేయండి."

గదిలో అందరూ నవ్వారు. డాక్టరుగారు కోపంగా అతని వైపు తిరిగారు. ఇంకా మోకాళ్ల మీదే ఉండటంతో, డ్రైవరు బెల్టు ఆయన కళ్లకు సరిగ్గా ఎదురుగా వచ్చింది. దానికి మేకుతో పొడిచిన కొత్త రంధ్రాలు వరసగా ఉన్నాయి.

"ఇదెప్పటి నుంచి?" అన్నారు, ఈసారి మెల్లగా.

"మీరు చేపను కొనకముందు నుంచండీ."