పాట కనిపించే దీపాలు

"అమ్మా, పాటకి తగ్గట్టు వెలిగి ఆరే లైట్లు కుర్రాళ్ల సరదా. స్పీకర్ల వెనకాల నిలకడగా వెలిగేవి పెడతాను, హుందాగా ఉంటాయి," అన్నాను.

లైట్లు పెట్టడానికి నన్ను పిలిపించిన ఆ ఇంటి పెద్దావిడ, నా పెదాల వంకే చూస్తూ తల అడ్డంగా ఊపింది.

"నాకు చెవులు పోయాయి బాబూ. రోజూ సాయంత్రం ఈయన పాటలు పెడితే పక్కన కూర్చుంటాను. ఏ పాటో తెలియదు. కనీసం దాని ఊపైనా చూస్తాను."

స్పీకర్ల చుట్టూ లైట్లు అంటించాను. వాటికో చిన్న మైకు ఉంటుంది, గట్టి చప్పుడైతేనే వెలుగుతాయి. చప్పట్లు కొట్టి చూపించాను. నీలంగా మెరిశాయి. ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది.

"ఏమండీ, పాట పెట్టండి!"

"ఇవాళ వద్దులే," అన్నాడు సోఫాలో ఉన్న భర్త. ఆవిడ ఊరుకోలేదు. రిమోట్ నొక్కాడు. మ్యూజిక్ సిస్టమ్ మీద అంకెలు కదిలాయి గానీ గదిలో చడీచప్పుడూ లేదు. లైట్లూ వెలగలేదు.

సిస్టమ్ వెనక చెయ్యి పెట్టి చూశాను. స్పీకర్ల వైర్లు ఊడదీసి, చక్కగా చుట్టి కట్టేసి ఉన్నాయి. వాటి మీద దుమ్ము. బయటికి లాగాను, ఆవిడా చూసింది.

"ఎప్పట్నుంచి?" అందావిడ.

ఆవిడకి కనపడేలా మొహం ఎత్తాడాయన.

"నీకు వినపడని పాట నాకెందుకనిపించింది. పెట్టకపోతే నువ్వొచ్చి కూర్చోవని, పెట్టినట్టు నటించాను."

ఆవిడ నా వైపు తిరిగింది.

"వైర్లు పెట్టు బాబూ."

పెట్టాను. పాటతో గది నిండిపోయింది. స్పీకర్ల చుట్టూ నీలం ఎగసిపడింది.

అంత కష్టపడి అంటించానా, ఆవిడ అటు చూడనే లేదు. పాట వింటున్న ఆయన మొహాన్నే చూస్తూ కూర్చుంది.