మూడో అంతస్తులో పొగ

"అమ్మ ఇంకా లోపలే ఉంది!" భానుప్రకాష్ అరిచాడు.

ఫైర్ అలారం ఆగకుండా మోగుతోంది. మాంచెస్టర్‌లోని ఆ ఫ్లాట్లలో ఉండేవాళ్ళంతా రోడ్డు మీద నిలబడి దగ్గుతున్నారు. మూడో అంతస్తు వరండాలోంచి ఘాటైన పొగ దిగుతోంది.

మానస పాపను గుండెకు హత్తుకుంది.

"అత్తయ్య ఆ థాయ్ ఆవిడ ఫ్లాట్‌కే వెళ్ళుంటారు భానూ. వద్దంటే విన్నారా!"

గుంటూరు నుంచి వచ్చిన రెండు నెలల్లో శేషమ్మకు పక్క ఫ్లాట్‌లో ఉండే ఆ థాయ్ ఆవిడ నోయ్‌తో స్నేహం కుదిరింది. రోజూ మధ్యాహ్నం వెళ్ళేది. వచ్చి కోడలికి కథలు చెప్పేది.

"చెప్పులు గుమ్మం బయటే విడవాలమ్మాయ్, అచ్చం మనలాగే. లోపలికి వెళ్ళగానే 'తిన్నావా' అని అడుగుతుంది. రోజుకో రంగు బట్టలట. సోమవారం పసుపు, మంగళవారం గులాబీ."

"ఇవన్నీ ఏ భాషలో చెప్పింది అత్తయ్యా?"

"ఆవిడ థాయ్‌లో, నేను తెలుగులో. ఏం ఇబ్బంది లేదు."

మానసకు అక్కడే అనుమానం మొదలైంది. ఆ నోయ్ ఎప్పుడు చూసినా నవ్వుతుంది. ఇంట్లో చిన్న మందిరం పెట్టి, ఎర్రటి కూల్‌డ్రింక్ నైవేద్యం పెడుతుంది. ఓసారి పాప బుగ్గ వాసన చూసి "పంది పిల్ల" అంది.

"దిష్టి తగలకూడదని అలా అంటారట," అని శేషమ్మ సర్దిచెప్పింది.

"క్షుద్రపూజలేమో ఎవరికి తెలుసు?" అన్నాడు భానుప్రకాష్. "ఆ వంటింటి గొట్టంలోంచి వచ్చే చేపల కంపుకి వరండాలో నడవలేకపోతున్నాం. ఎలాగైనా ఖాళీ చేయించాలి."

"వస్తున్నారు!" రోడ్డు మీద ఎవరో కేకేశారు.

నోయ్ మెట్లు దిగింది. శేషమ్మను దాదాపు మోసుకొస్తోంది. శేషమ్మ ముక్కుకీ నోటికీ తడి తువ్వాలు చుట్టి ఉంది. నోయ్ ముఖానికి ఏమీ లేదు. కళ్ళు ఎర్రగా వాచిపోయాయి.

"మా అమ్మను ఏం చేశావ్?" భానుప్రకాష్ మీదికి వెళ్ళాడు.

"మిరపకాయలు... వేయించాం," అంది నోయ్ దగ్గుతూ, వచ్చీరాని ఇంగ్లీషులో. అని నవ్వింది.

"చూడు, నవ్వుతోంది!" అంది మానస.

శేషమ్మ ఏదో చెప్పబోయింది. గొంతు పెగల్లేదు. అంబులెన్స్ ఆమెను తీసుకెళ్ళింది.

కాసేపటికి ఫైర్ ఆఫీసర్ కిందికి వచ్చాడు. అతని చేతిలో మసి పట్టిన స్పాంజ్ ముద్ద ఉంది.

"ఈవిడ వంటింటి పొగ గొట్టంలో, వరండా వైపు ఇది కుక్కి ఉంది. పొగ బయటికి పోయే దారే లేదు. ఇంకాస్త ఆలస్యమైతే ఆ పెద్దావిడ దక్కేది కాదు. ఎవరు చేశారిది?"

"ఎవరైనా సరే," అన్నాడు ఫ్లాట్లు అద్దెకిచ్చే లెటింగ్ ఏజెంట్. "ఈ బిల్డింగ్‌లో ఇక ఉండటానికి వీల్లేదు."



నోయ్ అందరి వైపూ ఒకసారి చూసి చేతులు జోడించింది.

"నేనే. చలిగాలి వస్తోందని."

మానసకు ఒళ్ళు మండిపోయింది.

"గొట్టం మూసి, పక్కన ముసలావిడను కూర్చోబెట్టుకుని మిరపకాయలు వేయిస్తుందా? కావాలనే చేసింది. పోలీసులను పిలవాలి!"

"ఊరుకో మానసా," అన్నాడు భానుప్రకాష్ మెల్లగా. "ఒప్పుకుందిగా."

నోయ్ నోటీసు దాకా ఆగలేదు. మర్నాడే తాళాలిచ్చి వెళ్ళిపోయింది. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

వారం తర్వాత శేషమ్మ హాస్పిటల్ నుంచి వచ్చింది. తమ ఫ్లాట్‌లోకి రాకుండా నేరుగా పక్క తలుపు కొట్టింది.

"లేదత్తయ్యా, వెళ్ళిపోయింది," అంది మానస. "గొట్టం మూసింది తనేనని అందరి ముందూ ఒప్పుకుంది."

శేషమ్మ గోడ పట్టుకుంది.

"ఒప్పుకుందా?"

"అమ్మా, నీరసంగా ఉన్నావు. ముందు లోపలికి రా," అన్నాడు భానుప్రకాష్.

శేషమ్మ కదల్లేదు.

"ముందు రోజు నోయ్ వంటింటి కిటికీలోంచి ఇద్దరం చూశామమ్మాయ్. కుర్చీ ఎక్కి గొట్టంలో ఏదో చేస్తున్నాడు. బాగు చేస్తున్నాడనుకున్నాం. ఎంత మంచివాడో అని నోయ్ లోపలి నుంచే దణ్ణం పెట్టింది. పొగ కమ్మేశాక గానీ ఇద్దరికీ అర్థం కాలేదు."

"మరి తనే చేశానని ఎందుకు చెప్పింది?"

"మెట్ల మలుపులో ఆగి, పాపను ఊపుతున్నట్టు చేతులు ఊపింది. తర్వాత నోటి మీద వేలేసి చెప్పొద్దంది. పసిపిల్ల రోడ్డున పడకూడదని తన ఇల్లు వదులుకుందా పిచ్చిది!"



"ఎవరత్తయ్యా మూసింది?"

"నీ మొగుడే. నా కొడుకు భానుప్రకాష్."