నేను కట్టించిన చీర

హైదరాబాద్ ఫొటో ప్రదర్శనలో అందరూ నేను తీసిన ఫొటో ముందే ఆగుతున్నారు. నారాయణపేట నేతకార్మికుల ధర్నాలో, చిరిగిన చీరలో పిడికిలి ఎత్తిన ఆండాళమ్మ.

నిజానికి ఆ రోజు ఆమె జరీ అంచు కొత్త చీరలో వచ్చింది. "గిట్ల మెరుస్తుంటే మీ కష్టం కనబడదమ్మా" అని ఇంటికి పంపి, పాతది కట్టించింది నేనే.

ఇవాళ ప్రదర్శనకు ఆ కొత్త చీరే కట్టుకొచ్చింది. ఫొటోను చాలాసేపు చూసింది.

"మిషిన్ చీరెలను మగ్గం చీరెలని అమ్ముతున్నరనే గద సారూ మా ధర్నా. తేడా జనం చూడాలె అని నా చేత్తో నేసింది కట్టుకొచ్చిన. మీరు కట్టిపిచ్చిన పాతదేమో మిషిన్ చీరె."

ఫొటో కింద పెద్ద అక్షరాల్లో 'చేనేత' అని ఉంది. ఆ పేరూ నేనే పెట్టాను.