టోపీలో ఎర్ర పువ్వు

"కదలకే! ఊపిరి కూడా గట్టిగా తీయకు!" పొదలోంచి గుసగుసగా అరిచాడు మా ఆయన ఎఫ్రాయీన్.

ఒంటినిండా ఆకులు కప్పుకుని, చీమల చేత కుట్టించుకుంటూ, ఈ మిండో అడవిలో ఆయన తొమ్మిది రోజులుగా కాచుకున్న, పూలతేనె తాగే హమ్మింగ్‌బర్డ్ పిట్ట, భోజనానికి అరటికాయ ఉండలు తెచ్చిన నా టోపీలోని ఎర్ర పువ్వు ముందు గాల్లో నిలబడింది.

కెమెరా టకటకా నలభైసార్లు క్లిక్‌మంది. పిట్ట తుర్రుమంది.

ఫొటోలు చూసుకుని నెత్తి బాదుకున్నాడు. "పిట్టేదే? అన్నిట్లోనూ నీ మొహమే!"

"పోనీలేవయ్యా, రేపు మళ్ళీ వస్తుంది."

పెళ్ళయి పాతికేళ్ళు. అడవిలో ప్రతి పిట్టకీ ఫొటో తీశాడు, నాకొక్కటీ తీయలేదు.

ఇంటికొచ్చి, పువ్వును మళ్ళీ చక్కెర నీళ్ళలో నానబెట్టాను. రేపు పసుపు గౌను వేసుకోవాలి.