గుడ్డి తోడు

"నీకు తోడొచ్చిన మగాడెవడు?" కాందహార్ ఆసుపత్రి గేటు దగ్గర తాలిబాన్ కాపలావాడు తుపాకీ అడ్డం పెట్టాడు.

లోపల ఎవరికో కాన్పు కష్టమైంది. మంత్రసాని జర్ఘూనా లోపలికి వెళ్ళాలని తొందరపడుతోంది.

"నేనే. నా కొడుకు పోయాడు, మామను నేనున్నాను," అన్నాడు ఆమె పక్కనున్న ముసలి బాజ్ గుల్.

"గుడ్డివాడివి! బురఖాలో ఉన్నది నీ కోడలేనని నీకెలా తెలుసు తాతా?"

"నీకు కళ్ళున్నాయిగా నాయనా, ఎవరో నువ్వే చెప్పు!"

వెనకున్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. కాపలావాడికీ నవ్వాగలేదు. "సరే, పోండి!"

"ఆగు మామా, గుంట!" చెయ్యి పట్టుకుంది జర్ఘూనా. "చూసి నడవచ్చుగా!"

"నీకు కాపలా కాస్తున్నానే తల్లీ, కింద చూసే తీరికెక్కడ?"

ఆమె పకాలున నవ్వింది. నవ్వు మధ్యలోనే తెగింది. ఈ రాజ్యానికి తన రెండు కళ్ళ కన్నా, మామ గుడ్డికళ్ళ మీదే నమ్మకం.