మెడ వెనక వాల్వు

“మళ్లా ఫెయిలు” అన్నాడు వెంకటేశులు, మాస్కు నుదుటి మీదికి తోసుకుంటూ.

మునీశ్వరి నీళ్లలోంచి తలెత్తి దగ్గింది. “చెప్పకుండా నా గాలి కట్టేస్తే యట్ల సార్?”

“గాలి మిషను చెడే ముందు నోటీసిస్తాదా? గాలి నిలిస్తే ఊపిరి బిగబట్టుకొని పైకి తన్నుకుంటా వచ్చినావు. ఆ లోతు నుంచి అట్లొస్తే పైకి తేలేది నువ్వు కాదు, నీ శవం.”

కుప్పం దగ్గర రాళ్లు తీసి వదిలేస్తే నీళ్లు నిండిన క్వారీ అది. పొద్దున రాయి వేస్తే సాయంత్రానికి చప్పుడు వినబడుతుందని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. ఆ ఊరికి సెల్‌ఫోన్ సిగ్నలు కొత్తగా వచ్చిన ఏడాది, అడుగున మునిగిన మిషన్లు బయటికి తీయాలని ఒక కంపెనీ పూనుకుంది. సిలిండరు కట్టుకొని లోతుకు దిగే మనుషుల్ని తయారుచేయమని మదనపల్లె నుంచి వెంకటేశులును పిలిపించింది. మాటలు వింటే తిమింగలానికి ఈత నేర్పింది ఆయనే అనుకోవాలి. నీళ్లలోకి ముందు ఆయన పొట్ట దిగేది, కాసేపటికి ఆయన దిగేవాడు.

పుంగనూరు పక్క బావుల్లోకి దూకి, పడిపోయిన మోటార్లకు తాళ్లు కట్టి తీసే ఇంటి పిల్ల మునీశ్వరి. నేర్చుకునేవాళ్లలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. మగపిల్లలు గాబరా పడితే “వస్తాదిలే” అనేవాడు వెంకటేశులు. ఆమె పడితే ఫెయిలు.

“రేపు ఆఖరు. తప్పితే ఇంటికి పో. ఈ పని ఆడోళ్లది కాదు.”

గట్టు మీద వక్క నములుతున్న మునీశ్వరి మేనత్త రామక్క ఊరుకోలేదు. “మా బావుల్లో దిగేటప్పుడు ఆడా మొగా అని నీళ్లు అడగలేదప్పా.”

“నేను పోను సార్. రేపు దిగతా, పని తీసుకొనే పోతా” అంది మునీశ్వరి.

ఆ సాయంత్రమంతా గట్టు మీదే కూర్చుని, మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి తన వాల్వు తనే అందుకోవడం అలవాటు చేసుకుంది. కుడికి తిప్పితే మూత, ఎడమకు తిప్పితే గాలి. తన వాల్వు తనకందనివాడు నీళ్లలో దిగకూడదని సారు రోజూ చెప్పే మాటే.

“మీరొకసారి అందుకొని సూపించండి సార్.”

“నాకెందుకమ్మా? నా మిషను ఎప్పుడూ చెడదు” అని నవ్వేసి వెళ్లిపోయాడాయన.

మర్నాడు క్వారీ అడుగున వెంకటేశులు ఆమె గాలి కట్టేశాడు. మునీశ్వరి కదలలేదు. చెయ్యి వెనక్కి పోనిచ్చి, వాల్వు తిప్పుకొని, బుడగలు వదిలింది. అయినా ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ చెయ్యాలని వేలు చూపించి ముందుకు ఈదాడు. ఆమె ఆయన వెనకే, వీపుకు అంటుకున్నట్టు వెళ్లింది.

కొంచెం దూరం పోగానే ఆయన కళ్లు మాస్కులో టమోటాలంత అయ్యాయి. గొంతుకు అడ్డంగా చెయ్యి ఆడించాడు. గాలి లేదు. చెయ్యి వాల్వు కోసం వెనక్కి పోయి, చెవి దగ్గరే నిలిచిపోయింది. ఇక పైకి తన్నుకోబోయాడు.

మునీశ్వరి ఆయన బెల్టు పట్టి ఆపింది. తన సిలిండరుకున్న రెండో గాలి గొట్టం ఆయన నోట్లో పెట్టింది. కళ్లలోకి చూస్తూ, మెల్లగా, మెల్లగా అని చేత్తో చెప్పింది. గట్టు నుంచి అడుక్కి వేలాడదీసిన తాడుకు ముడి ఉన్న చోటల్లా ఆగుతూ, పసిబిడ్డను తెచ్చినట్టు పైకి తెచ్చింది.

గట్టెక్కిన వెంకటేశులు అందరి ముందూ ఆమె చెయ్యి పైకెత్తాడు. “ఈ పిల్ల లేకుంటే నేను లేను. పాసు. కంపెనీ పనికి మొదట దిగేది ఈమే. నా నోట్లోంచి వచ్చిన మాట వెనక్కి పోదు.”

తర్వాత తన సిలిండరు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. “పొద్దున్నే నింపించినా. యాల నిలిచిపాయనో, యాడ చెడిందో...”

“చెడే ముందు నోటీసిస్తాదా అప్పా?” అంది రామక్క.

మునీశ్వరి జుట్టు పిండుకుంటూ చెప్పింది. “యాడా చెడలేదు సార్, నేనే కుడికి తిప్పినా.”