గోడ మీది సిరా చుక్క

మిర్చి కోల్డ్ స్టోరేజీ గోడ మీద ఓటర్ల వరుసను గీసింది పెయింటర్ యలమంద. అన్నీ ఊళ్లోవాళ్ల ముఖాలే. పైన "ఓటే మన గొంతు" అని పెద్ద అక్షరాలతో రాశాడు. ఎత్తిన వేళ్లను మాత్రం ఖాళీగా వదిలాడు. ఓటేసి వచ్చినవాళ్లు తమ బొమ్మ వేలికి తామే సిరా రంగు చుక్క పెట్టాలని ఊరంతా తిరిగి చెప్పాడు.

పోలింగ్ ముగిసి చీకటి పడ్డాక, రంగు డబ్బా తీసుకెళ్లడానికి వచ్చి ఫోన్ లైటు వేశాడు. అన్ని వేళ్లకూ చుక్కలున్నాయి, ఒక్క తన బొమ్మకు తప్ప. పొద్దున బూత్‌లో, "మీరు చనిపోయారని పేరు తీసేశారండీ" అన్నారు. ఎదురుగా నిలబడి ఎంత అరిచినా, "మా చేతుల్లో లేదండీ" అన్నారు.

లైటు రాఘవమ్మ బొమ్మ మీద ఆగింది. నిరుడు మిరపకోతలప్పుడు పోయిన మనిషి. గుర్తుగా ఉంటుందని గీశాడు. ఆమె వేలికీ చుక్క ఉంది. ముట్టుకుంటే ఇంకా తడిగానే ఉంది.

"చచ్చినామె ఓటు కూడా గుద్దేశారా, దొంగ నాయాళ్లారా!" అని అరిచాడు.

ఈ గోడ దగ్గరికొస్తే మిర్చి ఘాటుకు ఎవరికైనా దగ్గొస్తుంది. తనకు ఇందాకటి నుంచి రాలేదని యలమందకు అప్పుడు తట్టింది.

వెనక ఎవరో దగ్గారు. బతికినన్నాళ్లూ వదలని రాఘవమ్మ దగ్గు ఊరందరికీ తెలుసు.

"ఒరేయ్ యలమందా," అంది ఆ గొంతు జాలిగా, "నువ్వెప్పుడు పోయావురా?"